తాతగారి 1978 పద్మినికి తుప్పు పట్టింది, ఇంటి షెడ్డులో నేనే బాగుచేసుకోగలనా?

మీరు అడిగింది ఇదీ: చెన్నై వేళచ్చేరిలో ఇల్లు. తాతగారి 1978 ప్రీమియర్ పద్మిని 2014 నుంచి ఇంటి పక్క షెడ్డులో కదలకుండా ఉంది. డ్రైవరు కాళ్ల దగ్గర ఫ్లోరుకు చిల్లులు పడ్డాయి, ఇంజను తిరగడం లేదు. వర్క్‌షాపులో మూడున్నర లక్షలు చెప్పారు. శని, ఆదివారాలు కూర్చుని మీరే చేసుకోవచ్చా, చేసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చేసుకోవచ్చు. పనిలో ముప్పాతిక వంతు షెడ్డులోనే అయిపోతుంది: విప్పడం, శుభ్రం చేయడం, తుప్పు తీయడం, ఫ్లోరు అతుకులు, బ్రేకులు, ఇంజను. రెండు పనులు మాత్రం బయటివాళ్లకు వదిలేయండి. ఒకటి తలుపుల కింద బాడీకి ఉండే భాగం వెల్డింగు, రెండోది చివరి పెయింటు. మొదలుపెట్టాల్సింది ఇంజను దగ్గర కాదు, పెయింటు దగ్గర అసలే కాదు. కారు ఎంత లోతుకు తుప్పు తిందో తెలిసేదాకా ఒక్క సామాను కూడా కొనకండి.

నేను రైలు పెట్టెలు తయారుచేసే పెరంబూరు ఐసీఎఫ్‌లో, షెల్ డివిజన్‌లో ముప్పై ఒక్క ఏళ్లు వెల్డింగు పని చేసి రిటైరయ్యాను. మాది నెల్లూరు, ఇప్పుడు విల్లివాక్కంలో ఉంటున్నాం. ఇంటి షెడ్డులో రెండు పద్మినిలు, ఒక స్టాండర్డ్ హెరాల్డ్ మళ్లీ రోడ్డెక్కించాను. చెప్పేదంతా చేతులతో చేసి చూసిందే.

మీ ప్రశ్నలో నన్ను ఆపేసింది తుప్పు కాదు, ఆ రెండు మాటలు: వేళచ్చేరి, 2014. అంటే 2015 డిసెంబరు వరదలో ఆ కారు అక్కడే ఉంది. మీ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. షెడ్డు గోడ మీద నీటి చార ఉందేమో చూడండి. ఆ చార కారు తలుపు అడుగు అంచు కన్నా పైన ఉంటే మీ పని వేరేగా ఉంటుంది.

ఎందుకో చెబుతాను. పద్మినికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. రేకుల పెట్టెలన్నీ కలిపి స్పాట్ వెల్డింగు చేసిన బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడవునా ఒక పెట్టె లాంటి భాగం ఉంటుంది. టింకర్లు, అంటే కారు రేకు పని చేసేవాళ్లు, దాన్ని రన్నింగ్ బోర్డు అంటారు. బయటికి అది అలంకారంలా కనిపిస్తుంది కానీ కారుకు వెన్నెముక అదే. లోపల బోలుగా ఉంటుంది, అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. వరద నీళ్లు ఆ రంధ్రాల్లోంచే లోపలికి పోతాయి. నీళ్లు దిగిపోతాయి, బురద దిగదు.

ముడిచ్చూరులో మా స్నేహితుడి కారు ఆ వరదలో రెండు రోజులు నీళ్లలో ఉంది. ఆయన ఆయిల్ మార్చాడు, సీట్లు ఎండబెట్టాడు, రెండేళ్లు బాగానే తిప్పాడు. తర్వాత ఒకరోజు వెనక తలుపు సరిగా పడడం లేదని నా దగ్గరికి తెచ్చాడు. రన్నింగ్ బోర్డు పై రేకు కోసి తెరిస్తే లోపల మట్టి ఇటుకలా గట్టిపడి ఉంది. రెండు దోసిళ్లకు పైనే తీశాను. పైభాగం ఎండినా రేకును ఆనుకున్న వైపు ఇంకా తడి తగులుతోంది. ఆ తడి ఆనిన చోట రేకు పూతరేకులా పొరలు పొరలుగా ఊడి చేతికొచ్చింది. బయట రంగు మాత్రం చెక్కు చెదరలేదు. మీ కారులో నేను భయపడేది కనిపించే ఆ ఫ్లోరు చిల్లుల గురించి కాదు, దీని గురించి.

కాబట్టి మొదటి ఆదివారం ఇలా చేయండి. సీట్లన్నీ, మ్యాట్లూ, వాటి కింద ఉండే జనుము ఫెల్టూ తీసేయండి. ఆ ఫెల్టు స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుతుంది, మళ్లీ వాడకండి, పారేయండి. తర్వాత పాత స్క్రూడ్రైవరు తీసుకుని, చెక్క పిడి వెనక నుంచి మామూలు బలంతో నొక్కుతూ పొడవండి. గట్టి రేకు టంగుమంటుంది, తిన్న రేకు మెత్తగా కూరుకుపోతుంది. పొడవాల్సిన చోట్లు: రన్నింగ్ బోర్డుల అడుగు, జాకీ పెట్టే చోటు, ముందు సస్పెన్షన్ బాడీకి బిగించిన చోటు, వెనక స్ప్రింగు కమానుల బ్రాకెట్లు, బ్యాటరీ ట్రే కింద, డిక్కీలో స్టెప్నీ గుంట, ముందు అద్దం కింది రెండు మూలలు. అద్దం రబ్బరు ఎండి పగిలితే నీళ్లు ఆ మూలల్లోంచి దిగి నేరుగా డ్రైవరు కాళ్ల దగ్గరికి చేరతాయి. మీ ఫ్లోరు చిల్లులకు అదే కారణం కావచ్చు. కారణం మూయకుండా ఫ్లోరు అతికిస్తే రెండు వానాకాలాల్లో మళ్లీ అదే చోట చిల్లు పడుతుంది.

ఇంకొకటి, పలచని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం బాడీ అంతా తిప్పండి. అతుక్కోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. నా మొదటి పద్మినిని ఒక షాపులో రంగు వేయించి కొన్నాను. అద్దంలా మెరిసేది. మొదటి ఐప్పశి (అక్టోబరు-నవంబరు) వానలకే ఫెండర్ల కింద పొక్కులు లేచాయి. గీరి చూస్తే తుప్పు మీదే ఫైబరు గుడ్డ పరిచి, దాని మీద వేలి మందాన పుట్టీ పూశారు.

స్క్రూడ్రైవరు సస్పెన్షన్ చోట్లలోనూ, రెండు రన్నింగ్ బోర్డుల్లోనూ చాలా చోట్ల దిగిపోతే అది మొదటిసారి చేసేవాళ్లు ఇంట్లో తలపెట్టే పని కాదు. షాపువాళ్లు చెప్పిన మూడున్నర లక్షలు అప్పుడు ఎక్కువేమీ కాదు. ఫ్లోరూ, డిక్కీ, ఫెండర్ల అడుగులూ మాత్రమే పోయి ఉంటే నిశ్చింతగా మొదలుపెట్టండి.

పని మొదలుపెట్టే ముందు ప్రాణం సంగతి. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి చెయ్యి కూడా పెట్టకండి. జాకీ స్టాండ్లు నాలుగు కొనండి, గట్టి సిమెంటు నేల మీద పెట్టండి. ఇటుకలు, హాలో బ్లాకులు వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. మీ కారులో ఇంకో చిక్కుంది, జాకీ పెట్టే చోటే తుప్పు తిని ఉండవచ్చు. స్టాండు ఎక్కడ ఆనిస్తున్నారో ముందు పొడిచి చూడండి. గ్రైండరు ముట్టుకునే ముందు పెట్రోలు ట్యాంకు విప్పి ఆరుబయట, మనుషులు తిరగని చోట పెట్టండి. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరి, నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. దానికి చిల్లు ఉన్నా వెల్డింగు చేయించకండి, వేరేది వెతుక్కోండి. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి నీళ్లతో తడుపుతూ రుద్దండి, మాస్కు పెట్టుకోండి. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి.

ఇక తుప్పు తీయడం. పెద్ద రేకుల మీద నాలుగంగుళాల గ్రైండరుకు వైరు కప్పు బ్రష్షు బిగించి తీయాలి. కళ్లద్దాలు తప్పనిసరి, ఆ బ్రష్షు తీగలు సూదుల్లా ఎగురుతాయి. విడిగా వచ్చే భాగాలకు, అంటే కబ్జాలు, బ్రాకెట్లు, బోల్టులు లాంటివాటికి నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీళ్లకు యాభై గ్రాములు కలిపి రాత్రంతా నానబెట్టండి, పొద్దున బ్రష్షుతో రుద్దితే వదులుతుంది. వెంటనే వంట సోడా నీళ్లలో కడిగి, ఎండలో ఆరబెట్టి, అదే పూట ప్రైమరు వేయండి.

బాగా పట్టేసిన ముక్కలకు కరెంటు పద్ధతి ఉంది. ప్లాస్టిక్ డ్రమ్ములో బట్టల సోడా కలిపిన నీళ్లు, బ్యాటరీ ఛార్జరు, ఒక పాత ఇనుప ముక్క. మైనస్ తుప్పు పట్టిన భాగానికి, ప్లస్ ఆ పనికిరాని ముక్కకి. తారుమారు చేస్తే మీ భాగమే కరిగిపోతుంది. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె, గిన్నె లాంటివి వాడకండి, విషపు క్రోమియం నీళ్లలో కలుస్తుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి తలుపులు తెరిచి ఉంచాలి, దగ్గర నిప్పు ఉండకూడదు.

మద్రాసు గాలి సంగతి మీకు తెలియంది కాదు. సముద్రపు ఉప్పు, తేమ రెండూ ఉన్నాయి. పొద్దున వెండిలా మెరిసిన రేకు సాయంత్రానికి నారింజ రంగుకు తిరుగుతుంది. అందుకని ఆ రోజు ప్రైమరు వేయగలిగినంత మేరే శుభ్రం చేయండి. ఒక్కో ఆదివారం ఒక్కో భాగం. ఉత్సాహంలో కారంతా ఒకేసారి గీకేసినవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు.

ప్రైమరు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. మామూలు ప్రైమరు, పుట్టీ రెండూ తేమ పీలుస్తాయి. ప్రైమరు వేశాం కదా అని కారును వానలో వదిలేస్తే దాని కిందే తుప్పు మొదలవుతుంది. బోసి రేకు మీద మొదట రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమరు వేయండి, పుట్టీ దాని పైన. తుప్పును నల్లగా మార్చే ఫాస్ఫారిక్ యాసిడ్ మందు గుంటలు పడిన చోట బాగా పనిచేస్తుంది, కానీ మిగిలిపోయిన యాసిడ్ మీద ఎపాక్సీ పట్టుకోదు. డబ్బా మీద రాసినట్టు కడిగి, పూర్తిగా ఆరాకే వేయాలి. కారు అడుగున నల్ల తారు లాంటి కోటింగు తుప్పు మీదే కొట్టేస్తారు కొందరు. అది తడిని లోపల పెట్టి తాళం వేసినట్టే.

ఫ్లోరు అతుకులు నేర్చుకుని మీరే వేయవచ్చు. చిన్న సీఓ2 వెల్డింగు మిషను అద్దెకు దొరుకుతుంది. గ్యాసు వెల్డింగు వద్దు, ఆ వేడికి పలచని రేకు అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. ఫ్లోరుకు 18 గేజి, పై బాడీకి 20 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్, జింకు పూత లేని) రేకు కొనండి. జీఐ రేకు చవకని తేకండి, దాని మీది జింకు కాలి వచ్చే తెల్లపొగ పీలిస్తే ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది. తుప్పును మంచి రేకు తగిలేదాకా కోయాలి. టక్ టక్‌మని ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క జానెడు దూరాన వేసుకుంటూ, చెయ్యి ఆనించగలిగేంత చల్లారనిచ్చి మళ్లీ మధ్యలో. పాత రేకు ముక్కల మీద రెండు ఆదివారాలు సాధన చేశాకే కారు మీద చెయ్యి వేయండి. పక్కన నీళ్ల బకెట్టు, ఇసుక ఉండాలి. బ్యాటరీ విప్పి ఉండాలి. పని ఆపాక గంటసేపు అక్కడే కూర్చోండి, వైర్ల చుట్టూ ఉన్న గుడ్డ ముక్క ఒక్కటి రాజుకున్నా చాలు.

రన్నింగ్ బోర్డు ఎందుకు వద్దన్నానో నా అనుభవమే చెబుతుంది. ఐసీఎఫ్‌లో పెట్టెల అడుగు భాగాలు వెల్డింగు చేసిన చెయ్యి నాది. ఆ ధైర్యంతో మొదటి పద్మినికి ఎడమ రన్నింగ్ బోర్డు పొడవునా ఒకేసారి కోసేశాను, తలుపు కంతకు అడ్డు కట్టకుండా. కొత్తది వెల్డింగు చేసి తలుపు పెడితే వెనక అంచు అయిదు మిల్లీమీటర్లు కిందికి దిగింది. బాడీ తన బరువుకు తానే వంగిపోయింది. మొత్తం మళ్లీ కోసి, రెండు నెలలు పట్టింది సరిచేయడానికి. ఫ్యాక్టరీలో పెట్టెను కదలనివ్వని జిగ్గు ఉంటుంది, మా ఇంట్లో లేదు, ఆ తేడా నేను లెక్కలోకి తీసుకోలేదు. కోసే ముందు తలుపు కంతలో అంగుళం చదరపు పైపు అడ్డంగా బిగించాలి, కారును నాలుగు వైపులా సమమట్టంగా ఆనించాలి, ఒక్కోసారి ఒక్క అడుగే కోయాలి, ప్రతిసారీ తలుపు వేసి సందు కొలవాలి. ఇది తెలిసిన టింకరును ఇంటికే పిలిపించి దగ్గరుండి చేయించుకోండి. కారు విప్పి, శుభ్రం చేసి ఇస్తే కూలి సగానికి సగం తగ్గుతుంది. హెరాల్డ్ అయితే ఈ బాధ తక్కువ. అది మన ఊరి శివార్లలో, వండలూరు దగ్గర తయారైన బండి. దానికి విడిగా ఛాసిస్ ఉంటుంది, బాడీ బోల్టులు విప్పి పైకెత్తవచ్చు.

టింకరుకైనా, మీకైనా ఒక్క హెచ్చరిక: ఛాసిస్ నంబరు పంచ్ కొట్టిన చోట గ్రైండరు తగలనివ్వకండి. ముందే ఫొటో తీసి, దాని మీద టేపు అంటించండి. అది చెరిగిపోతే మిగతా కారు ఎంత బాగా చేసినా ఆర్టీఓ ఆఫీసులో ఆగిపోతుంది.

ఇంజను తిరగడం లేదని బెంగ పెట్టుకోకండి, పన్నెండేళ్లు నిలబడితే రింగులు పట్టేయడం మామూలే. ప్లగ్గులు నాలుగూ విప్పి ఒక్కో సిలిండరులో డీజిలూ, ఇంజనాయిలూ సగం సగం కలిపి మూడు చెంచాలు పోయండి. వారం వదిలేయండి. తర్వాత క్రాంకు పుల్లీ నట్టుకు పొడుగు స్పానరు వేసి ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపండి. కదలకపోతే మళ్లీ పోసి ఇంకో వారం. సెల్ఫ్ కొట్టడం, తోసి గేరులో వేయడం వద్దు, రింగు విరుగుతుంది. తిరగడం మొదలయ్యాక ఆయిలు, ఫిల్టరు మార్చకుండా స్టార్టు చేయకండి, పోసిన డీజిలు కిందికి దిగి ఆయిల్లో కలిసి ఉంటుంది. నీళ్లు లోపలికి వెళ్లాయని వరద చార చెబితే మాత్రం హెడ్డు దించి చూడాల్సిందే.

బ్రేకులు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు, మాస్టర్ సిలిండర్ కిట్టు ఏదీ మిగల్చకుండా మార్చండి. సామాన్లు పుదుప్పేటలో, జీపీ రోడ్డులో వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. కొత్త ఫెండర్లు కొంటే చేత్తో నొక్కి చూడండి, కొన్ని మరీ పలచగా ఉంటాయి. పాతది అతికించుకోవడమే మేలనిపిస్తుంది ఒక్కోసారి.

పెయింటు బయటికి ఎందుకంటే, ఇప్పటి రెండు డబ్బాల పెయింటు హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు, అది ఊపిరితిత్తులకు శాశ్వతంగా హాని చేస్తుంది. పిల్లలూ పెద్దలూ ఉన్న ఇంటి షెడ్డులో వద్దే వద్దు. ఫిబ్రవరి నుంచి మే లోపు పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలిలో తడికి పాత రకం పెయింటు పాలిపోయి తెల్లబడుతుంది. రంగు మారిస్తే ఆర్సీలో రాయించాలి.

ఆర్సీ మాట వచ్చింది కాబట్టి, ఇది నిజానికి స్క్రూడ్రైవరు కన్నా ముందు చూడాల్సింది. సొంత కార్లకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. తాతగారి పేరునే ఉంటే ముందు వారసుల పేరుకు మార్పించాలి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కారును వింటేజిగా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, పదేళ్లు చెల్లుతుంది, రోజువారీ తిరుగుడుకు మాత్రం వాడకూడదు. మీది 1978లోనే రిజిస్టరై ఉంటే 2028కి ఆ వయసు వస్తుంది. కాబట్టి పాత గ్రిల్లు, మీటరు, స్టీరింగు పక్క గేరు రాడ్డు, ఏదీ పారేయకండి. ప్రతి బోల్టునూ పాత సీసాల్లో వేసి, ఎక్కడిదో రాసి అంటించండి.

నా రెండో పద్మినికి పద్నాలుగు నెలల ఆదివారాలు, లక్షా ఎనభై వేలు పట్టాయి. అందులో తొంభై వేలు టింకరుకూ, పెయింటుకే. దానికి వరద తగల్లేదు.

పెయింటు అయిపోయాక ఆఖరి పని ఒకటుంది, షాపుల్లో అడిగితే తప్ప చేయరు. రన్నింగ్ బోర్డు రంధ్రాల్లోంచి సన్నని గొట్టం పెట్టి లోపలంతా మైనపు కోటింగు కొట్టాలి, రంధ్రాలు మూసుకుపోకుండా పుల్లతో తెరవాలి. కాలిన ఇంజనాయిలు పోయమని కొందరంటారు, వద్దు, అందులో యాసిడ్ ఉంటుంది.

ఈ ఆదివారం మ్యాట్లు ఎత్తే ముందు ఒక పని చేయండి. రన్నింగ్ బోర్డు అడుగున ఉన్న రంధ్రంలో సన్నని కమ్మీ పెట్టి కదిపి, కింద తెల్ల కాగితం పరవండి. ఎర్రటి పొడి రాలితే తుప్పు, బూడిదరంగు మట్టి రాలితే వరద. ఏది రాలిందో రాయండి, అక్కణ్నుంచి మిగతాది చెబుతాను.